సంగీతం - నిద్ర

ఉద్దేశం: పడుకొనే ముందు సంగీతం వినే అలవాటు నేటి యువతలో విస్తరించింది. ఆ అలవాటు నిద్రకు ఎంతవరకు తోడ్పడుతుంది, ఎక్కడ చెరుపు చేస్తుంది అనే విషయాన్ని మన సంప్రదాయ జ్ఞానాన్నీ, ఆధునిక పరిశోధనలనూ పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం.

తిరుమల శ్రీవేంకటేశ్వరుని ఆలయంలో రాత్రి చిట్టచివర జరిగే సేవకు ఏకాంతసేవ అని పేరు. స్వామిని పవళింపజేసిన తరువాత తాళ్ళపాక అన్నమాచార్యుల వంశీయులు లాలి పాడడం అక్కడి ఆచారం. తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. కొద్ది గంటలు గడిచిన పిమ్మట, ఇంకా చీకటి విడకముందే, అదే సన్నిధిలో సుప్రభాతం వినవస్తుంది. పవళింపజేసేదీ సంగీతమే, మేల్కొలిపేదీ సంగీతమే. భక్తి విషయం అలా ఉంచితే, ఈ రెండు సేవల మధ్య ఒక చక్కని ప్రశ్న దాగి ఉన్నది. ఒకే నాదం ఇంత విరుద్ధమైన రెండు పనులను ఎట్లా చేయగలుగుతున్నది?

వాల్మీకి రామాయణంలోని యుద్ధకాండ ఈ ప్రశ్నకు రెండవ పార్శ్వాన్ని చూపుతుంది. రావణుని ఆజ్ఞపై రాక్షసులు కుంభకర్ణుని నిద్ర లేపడానికి శంఖాలు పూరిస్తారు, భేరీలు మోగిస్తారు, చివరకు అతని దేహం మీద ఏనుగులను సైతం నడిపిస్తారు. అతిశయోక్తి పాలు ఎంత ఉన్నా ఆ ఘట్టం వెనుక ఒక లోకానుభవం ఉన్నది. నిద్రించే వానికి కన్నులు మూతపడతాయి గాని చెవులు మూతపడవు. ప్రకృతి చెవికి రెప్పను ఇవ్వలేదు. నిద్రకూ శబ్దానికీ మధ్య ఉన్న స్నేహానికీ వైరానికీ కూడా ఈ ఒక్క విషయమే మూలం.

శబ్దంతో నిద్రపుచ్చే విద్యను మానవజాతికి నేర్పిన వారు తల్లులు. లాలిపాట, జోలపాట, ఏలపాట అని పేర్లు ఏవైనా, తొట్టెకట్టు ఉన్న ప్రతి ఇంటా ఆ పాట ఉన్నది. పండిత సాహిత్యం పుట్టకముందే అది ఉన్నదని చెప్పడానికి ఎక్కువ సాహసం అక్కరలేదు. జోలపాట నిర్మాణాన్ని కాస్త శ్రద్ధగా గమనించండి. మాటలు తక్కువ, ఆవృత్తి ఎక్కువ. ‘జో జో’, ‘లాలి లాలి’, ‘హాయి హాయి’ వంటి పదాలకు అర్థం కంటె ఊపు ప్రధానం. స్వరాలు మంద్ర, మధ్యమ స్థాయులను దాటి పైకి ఎగబ్రాకవు. లయ ఉయ్యాల ఊపుతో ముడిపడి ఉంటుంది. ఉయ్యాల వేగం బిడ్డ నిద్రలోకి జారుతున్న కొద్దీ తగ్గుతుంది, దానితో పాటే పాటా తగ్గుతుంది. మన సాహిత్య విమర్శకులు అంతగా పట్టించుకోని లక్షణం మరొకటి ఉన్నది. బిడ్డ నిద్రపోయిన మరుక్షణం తల్లి పాట ఆపుతుంది. చరణం మధ్యలో ఉన్నా సరే ఆపుతుంది. జోలపాటకు ముగింపు అనేది పాటలో ఉండదు, వినేవాని కనురెప్పలలో ఉంటుంది.

కర్ణాటక సంగీతంలో నిద్రతో అనుబంధం ఉన్న రాగంగా నీలాంబరికి ప్రసిద్ధి. ఇది ఇరవైతొమ్మిదవ మేళకర్త అయిన ధీరశంకరాభరణానికి జన్యరాగం. త్యాగరాజస్వామి ‘ఉయ్యాలలూగవయ్య’ కీర్తనను ఈ రాగంలోనే కూర్చారు. నీలాంబరి వింటే నిద్ర వస్తుందని రసికులు అంటారు. ఈ మాటను శాస్త్రవాక్యంగా స్వీకరించడం నాకు సమ్మతం కాదు. దుడుకు వేగంతో, పెద్ద గొంతుతో పాడితే నీలాంబరి కూడా మేలుకొలుపే అవుతుంది. ఆ రాగాన్ని విలంబకాలంలో, వంకరలు తిరిగే దీర్ఘస్వరాలతో, ఊయలపాటకు తగిన సాహిత్యంతో పాడుకొంటూ వచ్చిన సంప్రదాయం వల్లనే దానికి ఆ కీర్తి దక్కిందని భావించడం సమంజసం.

పాశ్చాత్య సంగీతంలో కూడా ఇటువంటి కీర్తి పొందిన రచన ఒకటి ఉన్నది. జర్మన్ వాగ్గేయకారుడు యోహాన్ సెబాస్టియన్ బాక్ 1741లో ప్రచురించిన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’ గురించి ఆయన జీవితచరిత్రకారుడు ఫోర్కెల్ 1802లో ఒక కథ రాశాడు. నిద్రలేమితో బాధపడే ఒక ప్రభువు కోరికపై బాక్ ఈ రచన చేశాడనీ, గోల్డ్‌బెర్గ్ అనే యువవాద్యకారుడు రాత్రివేళ పక్క గదిలో కూర్చొని దానిని వాయించేవాడనీ ఆ కథ. గ్రంథం ప్రచురితమయ్యే నాటికి గోల్డ్‌బెర్గ్‌కు పద్నాలుగేళ్ళు మాత్రమే. ముఖపత్రం మీద ప్రభువు పేరుతో అంకితమూ లేదు. అందుచేత చరిత్రకారులు ఈ కథను నమ్మడానికి వెనుకాడతారు. కథను ఉన్నది ఉన్నట్లు చదివినా, ప్రభువు కోరినది నిద్ర తెచ్చే సంగీతం కాదు, నిద్ర రాని రాత్రులను ఉల్లాసంగా గడిపే సంగీతం. ఈ తేడాను చాలామంది గమనించరు.

మన వైద్యగ్రంథాల సంగతి కూడా ఇక్కడ స్మరించుకోవాలి. చరకసంహిత సూత్రస్థానం శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలలో ఆహారం సరసన నిద్రను పేర్కొన్నది. అదే సూత్రస్థానం ఇరవైయొకటవ అధ్యాయంలో, నిద్ర పట్టని వారికి ఉపాయాలు చెబుతూ తైలాభ్యంగనం, స్నానం, పాలు, పెరుగుతో కూడిన వరి అన్నం, సుగంధాలు మొదలైన వాటితో పాటు శబ్దాలను కూడా చేర్చింది. ఎటువంటి శబ్దాలు? మనస్సుకు అనుగుణమైనవి. చరకుడు రాగం పేరు చెప్పలేదు, వాద్యం పేరు చెప్పలేదు. ఎవరి మనస్సుకు ఏది అనుకూలమో అదే వారికి ఔషధమన్నట్లు వదిలివేశాడు. ఈ విశేషణం విలువ ఈ పాఠం చివరి భాగానికి వచ్చేసరికి మరింత స్పష్టమవుతుంది.

ఇంతకూ నిద్ర అంటే ఏమిటి? చిరకాలం పాటు అది కేవలం మెలకువ లేకపోవడమేనని, దీపం ఆర్పినట్లు మెదడు ఆరిపోతుందని తలచేవారు. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ మానవ మస్తిష్కంలోని విద్యుత్తరంగాలను నమోదు చేసి 1929లో ప్రకటించిన తరువాత ఆ అభిప్రాయం సడలింది. 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రజ్ఞులు నిద్రలో కొన్ని వేళల కనుగుడ్లు మూసిన రెప్పల క్రింద వేగంగా కదులుతాయని, స్పష్టమైన కలలు వచ్చేది ఎక్కువగా ఆ వేళల్లోనేనని వెల్లడించారు. దీనిని రెమ్ నిద్ర అంటారు. నేటి విజ్ఞానం ప్రకారం నిద్ర ఒక ప్రయాణం. మొదట కునుకు, ఆపై తేలిక నిద్ర, ఆపై గాఢనిద్ర, తరువాత రెమ్ నిద్ర. ఈ చుట్టు పూర్తి కావడానికి ఇంచుమించు 90 నిమిషాలు పడుతుంది. ఒక రాత్రిలో నాలుగైదు చుట్లు తిరుగుతాము. గాఢనిద్ర రాత్రి పూర్వార్ధంలోనూ, రెమ్ నిద్ర ఉత్తరార్ధంలోనూ అధికంగా ఉంటుంది. పగలు చదివినది జ్ఞాపకంగా స్థిరపడడానికి ఈ రెండూ అవసరమే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివే విద్యార్థి, రాత్రి అర్ధభాగం చదువుతో గడిపి ఉంటే, చదువు నిలవవలసిన సమయాన్నే చదువుకు బలి ఇస్తున్నాడన్నమాట.

నిద్ర బాగున్నదా లేదా అని తేల్చడానికి గంటల లెక్క ఒక్కటే చాలదు. పడుకొన్న తరువాత ఎంతసేపటికి నిద్ర పట్టింది, నడుమ ఎన్నిమార్లు మెలకువ వచ్చింది, మంచం మీద గడిపిన కాలంలో నిజంగా నిద్రించినది ఎంత, మరునాడు పగలు మగత ఉన్నదా అనేవి కూడా చూడాలి. వీటిని ప్రశ్నావళిగా మలచి 1989లో పిట్స్‌బర్గ్ నిద్రా నాణ్యతా సూచికను రూపొందించారు. ఇందులో మార్కులు 0 నుంచి 21 వరకు ఉంటాయి. పరీక్షలకు భిన్నంగా ఇక్కడ మార్కులు పెరగడం మంచిది కాదు. 5 దాటితే నిద్ర సరిగా లేదని అర్థం.

ఇప్పుడు సంగీతం దగ్గరకు వద్దాము. నిద్ర రాకపోవడానికి చాలా సందర్భాలలో కారణం అలసట లేకపోవడం కాదు, మెలకువ సడలకపోవడం. శరీరం అలసి ఉంటుంది, మనస్సు మాత్రం రేపటి పరీక్షనో, పగటి మాటపట్టింపునో తిప్పితిప్పి తలచుకొంటూ ఉంటుంది. ఆ స్థితిలో సహానుభూత నాడీవ్యవస్థ చురుకుగా ఉండి గుండెవేగాన్నీ, శ్వాసనూ తగ్గనివ్వదు. మృదువైన, నిదానమైన సంగీతం వింటున్నప్పుడు శ్వాస నెమ్మదించి, కండరాల బిగువు తగ్గి, విశ్రాంతికి సంబంధించిన సహసహానుభూత నాడీవ్యవస్థది పైచేయి అవుతుంది. నిద్రకు అనువైన సంగీతం సాధారణంగా నిమిషానికి 60 నుంచి 80 తాళపు దెబ్బల వేగంతో ఉంటుందని పరిశోధకులు గుర్తించారు. విశ్రాంతిగా ఉన్న మనిషి నాడి వేగం కూడా ఇంచుమించు అంతే. దీనికి తోడు, సంగీతం ఆలోచనల గొలుసును తెంచుతుంది. బయటి చిన్నచిన్న చప్పుళ్ళను కప్పుతుంది. ప్రతి రాత్రి అదే వేళకు అదే పాట వింటే, ఆ పాటే శరీరానికి ‘ఇక పడుకొనే వేళ’ అని తెలిపే సంకేతంగా మారుతుంది. అంటే సంగీతం ఎక్కడినుంచో నిద్రను మోసుకొని రాదు. నిద్రకు అడ్డుగా నిలిచిన మెలకువను పక్కకు తప్పిస్తుంది. అది చేసే పని వాకిలి దగ్గరే ఉంటుంది, ఇంటి లోపల కాదు.

విద్యార్థులకు సంబంధించినంతవరకు ఈ రంగంలో చెప్పుకోదగిన పరిశోధన హంగరీ దేశ రాజధాని బుడాపెస్ట్‌లో జరిగింది. హార్మాట్, తకాచ్, బోడిజ్ అనే ముగ్గురు పరిశోధకులు దానిని 2008లో ప్రచురించారు. నిద్ర సరిగా పట్టడం లేదని చెప్పిన 94 మంది విద్యార్థులను వారు ఎంచుకొన్నారు. వారి వయస్సు 19 నుంచి 28 ఏళ్ళ మధ్య. అందులో 35 మందికి మూడు వారాల పాటు ప్రతి రాత్రి పడుకొనే ముందు 45 నిమిషాలు ప్రశాంతమైన శాస్త్రీయ సంగీతం వినిపించారు. 30 మందికి అంతే సమయం చదివి రికార్డు చేసిన పుస్తకం వినిపించారు. మిగిలిన 29 మందికి ఏమీ వినిపించలేదు. మూడు వారాల తరువాత చూస్తే సంగీతం విన్నవారి నిద్ర స్పష్టంగా మెరుగుపడింది, వారిలో దిగులు లక్షణాలు సైతం తగ్గాయి. పుస్తకం విన్నవారిలో అటువంటి మార్పు కనబడలేదు. ఈ రెండవ జట్టును చేర్చడంలోనే పరిశోధకుల వివేకం ఉన్నది. ఊరక పడుకొని ఏదో ఒకటి వినడమే ఫలితానికి కారణమైతే పుస్తకం విన్నవారికీ మేలు జరగాలి కదా! కథ మనస్సును ముందుకు లాగుతుంది, తరువాత ఏమవుతుందోనన్న ఉత్కంఠ కలిగిస్తుంది. సంగీతానికి ఆ తొందర లేదు. నాయనమ్మ కథ చెబుతూ ఉంటే నిద్రపోయిన వారు మనలో చాలామంది ఉన్నారు. ఆ నిద్రలో కథకు ఎంత భాగమో, నాయనమ్మ ఒడికి ఎంత భాగమో చెప్పలేము.

దీనికి మూడేళ్ళ ముందు, 2005లో, తైవాన్‌కు చెందిన పరిశోధన ఒకటి వెలువడింది. అందులో పాల్గొన్నవారు 60 మంది వృద్ధులు. అక్కడ కూడా పడుకొనే వేళ 45 నిమిషాల సంగీతం, మూడు వారాల కాలం. గమనించదగినదేమంటే ఫలితం మొదటి రాత్రికే పూర్తిగా రాలేదు. వారం గడిచిన కొద్దీ పెరిగింది. నిద్రమాత్రకూ పాటకూ ఇదే భేదం. మాత్ర ఆ రాత్రికి పనిచేస్తుంది, పాట అలవాటుగా పనిచేస్తుంది.

ఇటువంటి పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే పని కొక్రేన్ సంస్థ చేస్తుంది. నిద్రలేమి ఉన్న పెద్దల విషయంలో సంగీత ప్రభావాన్ని గురించి 2015లో ఈ సంస్థ సమీక్షించినప్పుడు లభించినవి ఆరు పరిశోధనలు, పాల్గొన్నవారు 314 మంది. 2022 సమీక్ష నాటికి పరిశోధనలు 13కు, పాల్గొన్నవారు 1007 మందికి పెరిగారు. పిట్స్‌బర్గ్ సూచికలో సగటున సుమారు 2.8 మార్కుల మెరుగుదల కనిపించింది. 21 మార్కుల కొలతలో ఇది చిన్న మార్పు కాదు. అయితే ఒక మెలిక ఉన్నది. ఈ మెరుగుదల వినేవారు స్వయంగా ‘నాకు నిద్ర బాగా పట్టింది’ అని చెప్పిన దానిపై ఆధారపడినది. తలకు, కళ్ళకు, గుండెకు తీగలు అమర్చి రాత్రంతా పరీక్షించే పాలీసోమ్నోగ్రఫీ పద్ధతిలో చూసినప్పుడు అంతటి నిశ్చితమైన ఫలితాలు లభించలేదు. గాఢనిద్ర నిజంగా పెరిగిందని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవు.

అయితే ఆ వేయిమంది తమను తాము మోసపుచ్చుకొన్నట్లేనా? నేనట్లా అనుకోను. పక్క మీద గంటసేపు దొర్లిన వానికీ, తేలికగా కన్ను మూసిన వానికీ మరునాటి ఉదయం ఒకటిగా ఉండదు. ‘నిద్ర పట్టదేమో’ అన్న భయమే నిద్రకు పెద్ద శత్రువు. ఆ భయాన్ని పాట పోగొట్టినా అది తక్కువ ఉపకారం కాదు. కాని ‘నిద్ర హాయిగా పట్టింది’ అనడం వేరు, ‘నిద్ర లోతుగా ఉన్నది’ అనడం వేరు. వాణిజ్య ప్రకటనలు ఈ రెంటినీ కలిపివేసి, ఫలానా తరంగాలు వింటే నాలుగు గంటల్లో ఎనిమిది గంటల నిద్ర అని ప్రచారం చేస్తాయి. అటువంటి వాటికి ఆధారం లేదు.

వాకిలి దాటి లోపలికి వెళ్ళిన తరువాత సంగీతం పాత్ర మారిపోతుంది. నిద్రలో మెదడులోని తలామస్ అనే భాగం బయటి శబ్దాలను చాలావరకు అడ్డగిస్తుంది. అయినా కొన్ని లోపలికి చేరుతూనే ఉంటాయి. నిద్రించే వ్యక్తి దగ్గర పలు పేర్లు చదివితే అతని సొంత పేరు వచ్చినప్పుడు మెదడు తరంగాలలో ప్రత్యేకమైన కదలిక కనిపిస్తుందని 1960 నాటి ప్రయోగాలే నిరూపించాయి. పెద్ద చప్పుడుకు కదలని తల్లి పసిబిడ్డ మూలుగుకు లేవడం మనం ఎరిగినదే. అంటే మెదడు నిద్రలో కూడా కాపలా కాస్తూ ఉంటుంది. రాత్రంతా పాటలు మోగుతూ ఉంటే, ఒక పాట ముగిసి మరొకటి అందుకొన్న ప్రతిసారీ, నడుమ ప్రకటన ఏదైనా పెద్ద గొంతుతో వచ్చిన ప్రతిసారీ ఆ కాపలాదారుకు పని కల్పిస్తున్నట్లే. పూర్తిగా మెలకువ రాకపోవచ్చు, ఉదయానికి జ్ఞాపకం ఉండకపోవచ్చు. గాఢనిద్ర మాత్రం తేలికపడుతుంది.

ఇతరుల సంగీతం విషయంలో చట్టం కూడా జోక్యం చేసుకొన్నది. మన దేశంలో శబ్దకాలుష్య నియంత్రణ నియమాలు 2000 సంవత్సరంలో వచ్చాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ల శబ్దాన్ని మించరాదు. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు వరకు. ఆ వేళల్లో బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. మత, సాంస్కృతిక ఉత్సవాల కోసం రాష్ట్రప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి పన్నెండు వరకు అనుమతి ఇవ్వవచ్చు. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఐరోపా దేశాలకు 2009లో చేసిన సూచన ఇంకా కఠినమైనది: రాత్రివేళ ఇంటి బయట సగటున 40 డెసిబెల్లు మించవద్దని. మామూలు సంభాషణే 60 డెసిబెల్లు ఉంటుంది. పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టె మోత ఎంత ఉంటుందో, దాని ముందు కిటికీ రెక్కలు ఎట్లా అదురుతాయో చెప్పనవసరం లేదు. వినే వారిని అడగకుండా వినిపించే సంగీతం, అది భక్తిగీతమైనా సరే, చరకుడు చెప్పిన మనోనుకూల శబ్దాల లెక్కలోకి రాదు.

మీ వయస్సు వారికి ప్రత్యేకించి తెలియవలసిన విషయం మరొకటి ఉన్నది. ఒక్కొక్క పాట పొద్దస్తమానం నోట్లో నానుతూ ఉంటుంది. మనం పిలవకున్నా పల్లవి మళ్ళీ మళ్ళీ వచ్చి తిరుగుతుంది. రాత్రివేళ ఇట్లా జరిగితే? అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కలిన్ బృందం ఈ ప్రశ్నను ప్రయోగశాలలో పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించింది. పడుకొనే ముందు కొందరికి జనాదరణ పొందిన పాటలను సాహిత్యంతోనూ, మరికొందరికి అవే పాటలను మాటలు లేకుండా వాద్యాల మీదనూ వినిపించారు. మాటలు లేని సంగీతమే మేలని మనం అనుకొంటాము. ఫలితం తలక్రిందులైంది. తెలిసిన పాటను మాటలు లేకుండా విన్నవారి మనస్సులోనే ఆ పాట ఎక్కువగా తిరిగింది. ఖాళీగా ఉన్న చోట మాటలను పూరించడానికి మెదడు ప్రయత్నిస్తుంది కాబోలు. ఆ విధంగా పాట పట్టుకొన్నవారికి నిద్ర ఆలస్యంగా వచ్చింది, నడుమ మెలకువలు ఎక్కువయ్యాయి, తేలిక నిద్ర పాలు పెరిగింది. కొత్తగా విడుదలైన సినిమా పాటను పగలు ఇరవైసార్లు విని, రాత్రి దానినే వేణువు మీద విని నిద్రపోదామనుకొనే వారు ఈ ఫలితాన్ని మనస్సులో పెట్టుకోవాలి.

అట్లా అని నిద్రకు పనికివచ్చే సంగీతం ఇదేనని ఒక పట్టిక రాసి ఇవ్వడం సాధ్యం కాదు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ పరిశోధకులు, ప్రజలు నిద్ర కోసమని స్పాటిఫైలో తయారుచేసుకొన్న జాబితాలను పరిశీలించి 2023లో ఒక వ్యాసం ప్రచురించారు. రెండు లక్షలకు పైగా పాటలవి. మొత్తం మీద చూస్తే అవి మెల్లనివి, నెమ్మదైనవి, వాద్య ప్రధానమైనవి. కాని వాటి నడుమ హుషారైన ప్రసిద్ధగీతాలు కూడా తగినన్ని ఉన్నాయి. ఎంతో కాలంగా ఎరిగిన పాట, వేగం ఎక్కువైనా, కొందరికి ఇల్లు చేరినంత ధైర్యాన్ని ఇస్తుంది. మరొకరికి అదే పాట నిద్ర చెరుపుతుంది. రెండువేల సంవత్సరాల నాటి గ్రంథం రాగం పేరు చెప్పకుండా మనస్సుకు అనుగుణమైన శబ్దమని ఊరుకొన్నది అజ్ఞానం వల్ల కాదని ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక పాట వచ్చే పరికరం సంగతి. తల్లి గొంతుకూ సెల్‌ఫోనుకూ గల భేదాలలో మొదటిది, ఫోనుకు ఎప్పుడు ఆపాలో తెలియకపోవడం. రెండవది, అది పాటతో పాటు వెలుతురునూ, సందేశాలనూ, మరొక్క వీడియో చూడమన్న ఆహ్వానాన్నీ తెస్తుంది. యౌవనారంభంలో శరీరగడియారం సహజంగానే వెనుకకు జరుగుతుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను చిన్నపిల్లలలో కంటె ఆలస్యంగా స్రవిస్తుంది. కనుక మీకు రాత్రి పదింటికి నిద్ర రాకపోవడం సోమరితనమూ కాదు, మొండితనమూ కాదు. దాని మీద ఫోను తెర వెలుతురు పడితే ఆ ఆలస్యం మరింత పెరుగుతుంది. 13 నుంచి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రావైద్యుల సంఘం 2016లో నిర్ణయించింది. ప్రవేశపరీక్షల శిక్షణ పేరిట రాత్రి పదకొండు వరకు చదివించి తెల్లవారక ముందే లేపే వసతిగృహాలలో ఈ లెక్క కుదరదని వేరే చెప్పనక్కరలేదు. మొదటి గంటలో పాఠం చెప్పే అధ్యాపకులందరూ దీని ఫలితాన్ని రోజూ కళ్ళారా చూస్తున్నారు. ఆరుగంటల నిద్రకు చెవిలో పాట పెట్టినంత మాత్రాన అది ఎనిమిది గంటలు కాదు. ఇక్కడ మారవలసినది పాట కాదు, కాలపట్టిక.

గురక పెడుతూ ఊపిరి ఆగి ఉలిక్కిపడేవారికి సంగీతం ఏ విధంగానూ చికిత్స కాదు, వారు వైద్యుని చూడాలి. నెలల తరబడి నిద్ర రాకపోతే నిద్రమాత్రల కంటె ముందు, ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే మానసిక చికిత్సా పద్ధతిని చేపట్టాలని అమెరికా వైద్యుల కళాశాల 2016లో సిఫారసు చేసింది. సంగీతం దానికి తోడుగా ఉండవచ్చు.

ఎవరైనా స్వయంగా పరీక్షించి చూడదలిస్తే అది కష్టమైన పనేమీ కాదు. ఒక నోటుపుస్తకంలో మొదటి వారం ఏమీ వినకుండా, పడుకొన్న వేళ, నిద్ర పట్టడానికి సుమారుగా పట్టిన సమయం, రాత్రి మెలకువలు, లేచిన వేళ రాసుకోవాలి. గడియారం వైపు చూస్తూ కాదు, ఉదయం లేచాక అంచనాగా. తరువాతి మూడు వారాలు మనస్సుకు నచ్చినది, అయితే పగలు నోట నాననిది, ఒకదానిని ఎంచుకొని ప్రతి రాత్రి ఒకే వేళకు వినాలి. ధ్వని గదిలో గుసగుస మాట వినబడేటంత తక్కువగా ఉండాలి. ఫోను చేతికి అందని దూరంలో, తెర బోర్లించి ఉండాలి. ముప్పై నలభై నిమిషాలకు దానంతట అది ఆగిపోయేటట్లు అమర్చుకోవాలి. ఆ సౌకర్యం దాదాపు అన్ని ఫోనులలోనూ ఉన్నది. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని నిద్రపోవడం చెవికి మంచిది కాదు. నలుగురు ఉండే హాస్టలు గదిలో మాత్రం స్పీకరు పెట్టే ముందు మిగిలిన ముగ్గురినీ అడగాలి. వారిలో ఒక్కరు వద్దన్నా ఆ రాత్రికి పాట లేదు.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. ‘సంగీతం చేసే పని వాకిలి దగ్గరే ఉంటుంది’ అన్న రచయిత మాటను పాఠంలోని పరిశోధనల ఆధారంగా చర్చించండి.

2. నిద్రకు సంగీతం అడ్డంకిగా మారే సందర్భాలను వివరించండి.

లఘు సమాధాన ప్రశ్నలు

1. జోలపాట నిర్మాణంలో రచయిత గమనించిన లక్షణాలు ఏవి?

2. బుడాపెస్ట్ పరిశోధనలో పుస్తకం విన్న జట్టును ఎందుకు చేర్చారు?

3. చరకసంహిత చెప్పిన ‘మనస్సుకు అనుగుణమైన శబ్దాలు’ అన్న మాటను 2023 నాటి పరిశోధన ఏ విధంగా బలపరుస్తున్నది?

సందర్భసహిత వ్యాఖ్యలు

1. ప్రకృతి చెవికి రెప్పను ఇవ్వలేదు.

2. ఇక్కడ మారవలసినది పాట కాదు, కాలపట్టిక.